వెనుక చాప మీద రొట్టె

మా చర్చిలో తలుపు దాటి లోపలికి రాగానే ఎడమ గోడవారగా ఒక ఈతచాప ఉండేది. చెప్పులు విడిచే చోటుకూ ఆ చాపకూ మధ్య గడప ఒక్కటే అడ్డం. సుల్తానాబాద్‌కు దగ్గర్లోని మా ఊళ్లో, మిషన్ దొరల కాలంలో కట్టిన పెంకుల చర్చి అది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు జంపఖానాల మీద కూర్చుంటాం. వెనుక చాప మాత్రం సంఘం తప్పుపట్టినవాళ్లది. తాగి కొట్లాడినవాళ్లు, భార్య ఉండగా ఇంకొకరిని తెచ్చుకున్నవాళ్లు, వేరే మతంవాళ్లను పెళ్లాడినవాళ్లు అక్కడ కూర్చోవాలి. పాట పాడవచ్చు, ప్రసంగం వినవచ్చు. నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం ఇచ్చేటప్పుడు మాత్రం బల్ల దగ్గరికి రాకూడదు. కొన్ని నెలలయ్యాక లేచి నిలబడి, పాపం చేశాను, సంఘం నన్ను మన్నించాలి అనాలి. ఎవరేమడిగినా జవాబు చెప్పాలి. అందరూ చెయ్యెత్తితే మళ్లీ ముందుకు రావచ్చు.

ఈ పద్ధతి ఎవరు పెట్టారో మాలో ఎవరికీ తెలియదు. తాతల నాటి నుంచి ఉంది కాబట్టి ఉండాలనుకునేవాళ్లం. నేనూ అలాగే అనుకునేవాణ్ని. నీటిపారుదల శాఖలో కాలువల మీద పనిచేసి రిటైరయ్యాక సంఘం కమిటీకి కార్యదర్శినయ్యాను. డైరీ రాయడం నాకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు. ఈ సంగతి రాద్దామని ఆ ఏటి డైరీ తీస్తే, వానల గురించి, చర్చి పెంకుల గురించి పేజీలకు పేజీలున్నాయి. మనుషుల గురించి అక్కడక్కడ ఒక్కో ముక్క. కాబట్టి మిగతాదంతా గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

అప్పటికి మా సంఘం బాగా చెడిపోయి ఉంది. ప్రార్థనలు ఆగలేదు, పాటలు ఆగలేదు. కానీ ఆరాధన అయ్యాక ఒకరికొకరు వందనాలు చెప్పుకోవడం ఆగిపోయింది. క్రిస్మస్ పాటలకు రెండు గుంపులు వేర్వేరు వీధుల్లో తిరిగేవి. అంతకు ముందున్న పాస్టరుగారు విసిగిపోయి బదిలీ అడిగి వెళ్లిపోయారు. గొడవంతా ఆ చాప గురించే. ఉండాలని సగంమంది, తీసేయాలని సగంమంది.

ఆ చాప మీదికి మా ప్రెసిడెంటమ్మ కూతురు వచ్చి కూర్చుంది.

ప్రెసిడెంటమ్మ అంటే మా స్త్రీల సమాజం అధ్యక్షురాలు. భర్త పోయాక ఒక్కతే పొలం చేసి బిడ్డను నర్సింగు చదివించిన మనిషి. ఆడవాళ్ల వైపు మొదటి వరసలో గోడ పక్కన ఆమె చోటు. కూతురు మంచిర్యాలలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ, ఖానాపూర్ నుంచి వచ్చి ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే ఒక హిందూ అబ్బాయిని, తల్లికి చెప్పకుండా గుడిలో పెళ్లి చేసుకుంది. తల్లి ఆమెను ఇంటికి రావద్దంది. చర్చికి రావద్దనే అధికారం మాత్రం తల్లికి లేదు కదా. నెల మొదటి ఆదివారం పొద్దున్నే రైలెక్కి పెద్దపల్లిలో దిగి, అక్కడి నుంచి బస్సులో వచ్చి చాప మీద కూర్చునేది. భర్త బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చునేవాడు. ఆరాధన అయ్యాక మా ఆవిడ ఆమెను మా ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టి పంపేది. మొదటి వరసలో ఉన్న తల్లి ఒక్కనాడూ వెనక్కి తిరగలేదు.

అలా వస్తూండగానే గర్భవతయింది. ఆడపిల్ల పుట్టింది. పిల్లను ఎత్తుకుని మళ్లీ వచ్చింది. అప్పటికి మాకు కొత్త పాస్టరుగారు వచ్చారు. జహీరాబాద్ వైపు మనిషి, తక్కువ మాట్లాడతారు. ఆయన్ను ఆమె ఒకటే అడిగింది. తన తండ్రిని పాతిపెట్టిన సమాధుల దొడ్డి పక్కన, తాను బాప్తిస్మం తీసుకున్న ఈ చర్చిలోనే తన బిడ్డకూ బాప్తిస్మం ఇవ్వాలని.

కమిటీ కూర్చుంది. ఆమెను పిలిచారు. కూతురి విషయం కాబట్టి ప్రెసిడెంటమ్మ ఆ రోజు రాలేదు. పాస్టరుగారు మెల్లగా, "ఒకసారి నిలబడి ఆ మాట అంటే అయిపోతది గదమ్మా," అన్నారు.

ఆమె పిల్లను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "నన్ను కన్న అవ్వకు చెప్పకుంట పోయిన అయ్యగారూ. అది తప్పే. ఎందరి ముంగట ఒప్పుకొమ్మంటె అందరి ముంగట ఒప్పుకుంట. పెండ్లి చేసుకున్నది పాపం అని మాత్రం అనలేను. రేపు ఇది పెద్దదై అడిగితే, నువ్వు పాపంల పుట్టినవ్ బిడ్డా అని చెప్పాల్నా?"

అప్పుడు లేచాడు మా బొగ్గుబాయి పెద్ద. బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి అందరం అలా అంటాం. నాకంటే పెద్దవాడు. నన్ను తమ్మీ అంటాడు. చాప ఉండాలనే గుంపుకు ఆయనే ముందు.

"నా కొడుకు గూడ గీ మాటనే అన్నడు," అన్నాడు. "మనం విన్నమా? హిందూ పిల్లను చేసుకున్నడని నిలవెట్టినం. నోట్లకెళ్లి ఆ మాట వచ్చేదాక ఇడిచిపెట్టలే. వాని పెండ్లాం పక్కపొంటి నిలవడి ఏడుస్తుంటె, ఇంకా ఏమేమో అడిగిన్రు. ఆనాడు పోయినోడు మళ్ల ఏ చర్చి గడపా తొక్కలే. గప్పుడు ఒక్కడు నోరు తెర్వలే. గిప్పుడు ఈమెకు మాఫీ అంటున్రు. ఎందుకు? ప్రెసిడెంటమ్మ బిడ్డ అనా?"

చేతులెత్తిస్తే సగం అటు, సగం ఇటు. పాస్టరుగారు తన చెయ్యి ఎత్తలేదు. "వచ్చే నెల చూద్దాం," అన్నారు. ఆమె పిల్లను సర్దుకుని, "బస్సు పోతది," అని వెళ్లిపోయింది.

ఆ రోజు వరకు బొగ్గుబాయి పెద్ద పాత పద్ధతుల కోసం పట్టుబడుతున్నాడని నేను అనుకున్నాను. ఆయన పట్టుబడుతున్నది తన కొడుకు కోసం. తన ఇంటికి తగిలిన దెబ్బ ఇంకొకరికి తగలకుండా పోతే, అప్పుడు అనవసరంగానే కొట్టారని తేలిపోతుంది కదా. ఆ మాట ఆయనెప్పుడూ అనలేదు, అది నాకు తోచింది. ఇంటికి వచ్చి మా ఆవిడతో అంటే, "మీకు ఇయ్యాల తెలిసిందా?" అంది.

ఆ సంగతి ప్రెసిడెంటమ్మ చెవిన వేసింది కూడా మా ఆవిడే. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి, "బొగ్గుబాయి అన్న ఇంటికి పోవాలె. ఒక్కదాన్ని పోలేను, మీరిద్దరు రాండ్రి," అంది. వెళ్లాం. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు. లేవలేదు.

"బిడ్డ కోసం అచ్చినవా?" అన్నాడు.

"కాదన్నా. బిడ్డ సంగతి మీరు ఎట్లంటె అట్ల. నీ కొడుకు సంగతి చెప్పిపోదామని అచ్చిన." ఆమె కింద గడప మీద కూర్చుంది. "ఆనాడు, ఇంట్ల దేవుని పటాలున్నయా, అవ్వి తీసేసినవా అని నీ కోడలిని అడిగింది నేనే. ఆ పిల్ల ఏడ్చింది నా మాటకే. నా తప్పన్నా అది."

"గిన్నేండ్లకు యాదికొచ్చిందా?"

"నా బిడ్డ ఆ చాప మీద కూసున్నంక యాదికొచ్చింది."

ఆయన చేతిలోని మిరపకాయ పక్కన పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. "గిప్పుడు చెప్తె నా కొడుకు అస్తడా?" అన్నాడు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, "చాయ్ పెడ్త, కూసోండ్రి," అంది. "ఎవలకు పెడ్తవ్?" అని ఆయన కసిరాడు. "నాకు నేను పెట్టుకుంట. మిగిలింది వాళ్లు తాగుతరు," అందావిడ. అందరం చాయ్ తాగాం. దారిలో ప్రెసిడెంటమ్మ, "తిట్టలే. గంతే చాలు," అంది.

ఇక పెంకుల సంగతి చెప్పాలి. ఆ ఏడు వానల ముందు చర్చి కప్పు మరమ్మతు నాకు అప్పగించారు. పెంకులు దింపే మేస్త్రీ పైకెక్కి చూసి వచ్చి, "తలుపు దిక్కు దూలాలు పురాగ చెదలు వట్టినయ్ సాబ్. మొదలు గదే జెయ్యాలె," అన్నాడు. నాకూ అదే సరిగ్గా తోచింది. వెనుక సగం విప్పి, దూలాలు మార్చి, పెంకులు మళ్లీ కప్పించాను. ముందు సగానికి కలప రావడం ఆలస్యమైంది. ఈలోగా వానలు మొదలయ్యాయి. బల్ల ఉన్నవైపు కారుతోంది, చెప్పులు విడిచేవైపు పొడిగా ఉంది. రెండు గుంపులూ చాలా రోజుల తర్వాత ఒక విషయంలో ఒకటయ్యాయి, నన్ను ఆడిపోసుకోవడంలో. మేస్త్రీ చెప్పాడన్నా ఎవరూ వినలేదు. బొగ్గుబాయి పెద్ద అయితే కప్పు వైపు చూసి, "దేవుడు తడుస్తడు, మన చెప్పులు పొడిగుంటయ్. మంచి ప్లాను తమ్మీ," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టార్పాలిన్ పట్టా కప్పించాను కాని గాలికి నిలవలేదు.

ఆ నెల మొదటి ఆదివారం తెల్లవారుజాము నుంచి ముసురు. ఆరాధన మొదలయ్యే వేళకు కుండపోత. ముందు సగంలో ఎక్కడా కూర్చునే వీలు లేదు, బకెట్లు కూడా చాలలేదు. జంపఖానాలు మడిచి కిటికీల మీద పెట్టి, అందరం వెనక్కి జరిగాం. జరిగి జరిగి గోడ దాకా వచ్చాం. మగవాళ్ల వైపు, ఆడవాళ్ల వైపు అనే తేడా పోయింది. మోకాలికి మోకాలు తగులుతోంది. ఆ వెనుక చాప ఎవరి కింద ఉందో కూడా కనపడలేదు.

ప్రెసిడెంటమ్మ కూతురు ఆలస్యంగా వచ్చింది. రైలు ఆలస్యమట. పిల్లను ప్లాస్టిక్ పట్టాలో చుట్టుకుని, తాను పూర్తిగా తడిసింది. ఆ వానలో హోటలు దాకా పోలేక భర్త కూడా వెంట వచ్చి చూరు కింద నిలబడ్డాడు. లోపల అడుగు పెట్టే చోటు లేదు. ఒకరు జరిగితే ఇంకొకరు జరిగి, ఆమె ఎప్పుడూ కూర్చునే గోడ పక్కనే ఇరుక్కుని కూర్చుంది. ఒక పక్క బొగ్గుబాయి పెద్ద. ఎదురుగా, ఆమె మోకాళ్లకు వీపు ఆనుకునేంత దగ్గరగా, వాళ్లమ్మ. ఇద్దరూ కావాలని కూర్చోలేదు. అక్కడ తప్ప చోటు లేదు. తల్లికి వెనుక ఎవరున్నారో పిల్ల ఏడుపును బట్టి తెలిసి ఉంటుంది. తిరగలేదు.

పాస్టరుగారు రొట్టె పళ్లెం, చిన్న గ్లాసుల ట్రే తెచ్చి మా ముందు, కారనిచోట స్టూలు మీద పెట్టారు. మామూలుగా అయితే మేం వరసల్లో వెళ్లి బల్ల ముందు మోకరిస్తాం, ఆయన చేతికి ఇస్తారు. వెళ్లకూడనివాళ్లు వెళ్లకుండా కమిటీవాళ్లం ఒక కన్నేసి ఉంచుతాం. ఆ రోజు మోకరించడానికి జాగా ఏదీ? ఆయన అటూ ఇటూ చూశారు. "ఇయ్యాల మీరు రావద్దు. పళ్లెమే మీ దగ్గరికి వస్తది. తీసుకొని పక్కోళ్లకు అందియ్యిన్రి," అన్నారు.

పళ్లెం నాకంటే ముందు వరసలో మొదలై చేతులు మారుతూ వచ్చింది. నేను తీసుకుని మా ఆవిడకు ఇచ్చాను, ఆవిడ ఇంకొకరికి. అలా పోయి పోయి బొగ్గుబాయి పెద్ద చేతికి చేరింది. ఆయన ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. పళ్లెం చేతిలోనే ఉంది. పక్కన ఉన్నది ఆమే. ఆమెను దాటించి ఇవ్వాలంటే చెయ్యి బాగా చాపాలి, చాపితే అందుతుంది. అవతల కూర్చున్నావిడ అప్పటికే చెయ్యి ముందుకు పెట్టింది కూడా.

కమిటీలో తేలనిది, చేతులెత్తి తేల్చలేనిది, ఆ ఒక్క మనిషి చేతిలోకి వచ్చి ఆగింది. చూడగలిగినవాళ్లందరం చూస్తున్నాం. పాట ఆగలేదు కాని సన్నబడింది. ఆమె ఆయన వైపు చూడలేదు, పళ్లెం వైపూ చూడలేదు. తల వంచుకుని పిల్ల కాలికున్న బురద తుడుస్తోంది. తనను దాటి పోయేదానికి అలవాటుపడిన మనిషి లాగా కొంచెం వెనక్కి ఒరిగి దారి కూడా ఇచ్చింది.

ఆయన పళ్లెం ఆమె ముందు పెట్టాడు. ఆమె తీసుకోలేదు, అర్థం కానట్టు చూసింది.

"పట్టు బిడ్డా," అన్నాడు. "చెయ్యి గుంజుతుంది నాకు."

ఆమె తీసుకుంది. ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలలేదు. తర్వాత పళ్లెం ఎవరికివ్వాలో చూసుకుంది. చెయ్యి పెట్టి ఉన్నావిడ, ఏమనుకుందో ఏమో, తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎదురుగా ఉన్నది తల్లి వీపే. ఆమె పళ్లెం అంచుతో తల్లి భుజాన్ని మెల్లగా తట్టి, "అవ్వా, రొట్టె," అంది.

ప్రెసిడెంటమ్మ తిరిగింది. రెండు చేతులతో పళ్లెం అందుకుంది, తాను తీసుకుంది, పక్కవాళ్లకు ఇచ్చింది. మళ్లీ ముందుకు తిరగలేదు. ఆశీర్వాదం అయ్యేదాకా పాస్టరుగారికి వీపు పెట్టే కూర్చుంది.

నా డైరీలో ఆ రోజు పేజీలో, "భారీ వర్షం. వెనుకభాగంలో ఆరాధన. పళ్లెం చేతులు మారింది," అని ఉంది. అంతకంటే ఎక్కువ రాయడానికి ఆ రాత్రి నాకు ధైర్యం చాలలేదు, రాస్తే ఎక్కడ చెడిపోతుందో అనిపించింది. తర్వాత ఒకసారి పాస్టరుగారిని అడిగాను, కావాలనే అలా చేశారా అని. "వాన నా చేతుల లేదు గదా కార్యదర్శిగారూ," అని నవ్వారు. ఆ వానకూ, ఆలస్యమైన కలపకూ, మూతి ముడుచుకోకుండా మిగిలిన చాయ్ పోసిన ఆ ఇల్లాలికీ నేను ఎన్నోసార్లు ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకున్నాను. మేం చెయ్యలేని పనిని వాళ్లంతా కలిసి చేశారు.

తర్వాతి కమిటీలో బొగ్గుబాయి పెద్దే లేచి, "ఇగ ఎవలనూ నిలవెట్టొద్దు. ఏదన్న ఉంటె అయ్యగారూ, ఒక పెద్దమనిషీ ఇంటికి వొయ్యి కూసోని మాట్లాడాలె," అన్నాడు. తీర్మానం రాశాను. అందరూ ఒప్పుకోలేదు. రెండు కుటుంబాలు అలిగి వేరే ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టాయి. ఒక కుటుంబం తిరిగి వచ్చింది, ఇంకొకటి రాలేదు. బొగ్గుబాయి పెద్ద కొడుకు కూడా ఇప్పటికీ రాలేదు. ఆయనే రామగుండం వెళ్లి కొడుకు ఇంట్లో ఉండి వస్తున్నాడు. "చర్చికి రమ్మన్నావా అన్నా?" అని అడిగితే, "అనలే. అన్నం తిన్నం. నా కోడలు కూర మంచిగ చేస్తది," అన్నాడు. అది విని నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

పంటలు ఇంటికి వచ్చాక ఒక ఆదివారం ఆ పిల్లకు బాప్తిస్మం. ఖానాపూర్ నుంచి పిల్ల నాయనమ్మ, తాత వచ్చారు. తాత గడప దగ్గర ఆగి నన్ను, "పెద్దమనిషీ, మేం లోపటికి అస్తె ఏమన్న అంటరా?" అని అడిగాడు. "నా పక్కన కూసోండ్రి," అన్నాను. మొదటి వరసలో కూర్చోబెట్టాను.

ఎవరూ అడగకుండానే ఆ అమ్మాయి లేచి, తల్లికి చెప్పకుండా పోయినందుకు అందరి ముందు క్షమాపణ చెప్పింది. పెళ్లి గురించి ఒక్క మాట అనలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. పాస్టరుగారు సరే అన్నట్టు తల ఊపి, పిల్లను ఎత్తుకుని నీళ్లు పోశారు. పిల్ల చర్చి ఎగిరిపోయేలా ఏడ్చింది.

బయటికి వచ్చాక అందరూ వాకిట్లో నిలబడి మాట్లాడుకుంటున్నారు. అల్లుడు పిల్లను ఎత్తుకుని ఒక పక్కకు నిలబడ్డాడు. పెళ్లయినప్పటి నుంచి ప్రెసిడెంటమ్మ అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ వాన తర్వాతి నెలల్లో కూతురితో కలిసింది, మనుమరాలిని ఎత్తుకుంది కాని, అతను ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. అతనూ అత్తమ్మా అని పిలిచే సాహసం చేయలేదు. ఇప్పుడు ఆమె గబగబా అతని దగ్గరికి వెళ్లడం చూసి మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, నెత్తి తుడవకుంట టోపీ పెట్టినవ్? సర్ది చేస్తది పిల్లకు!"

అతను బిత్తరపోయాడు. "పెట్టింది నేను కాదు అత్తమ్మా, మీ బిడ్డ."

"అది పెడ్తె నీకు కండ్లు లెవ్వా? ఇటు తే," అని ఆమె కొంగు చేతికి చుట్టుకుని పిల్ల తల తుడవసాగింది.